ఈ క్రిస్మస్‌కు మందిరాన్ని మన చేతులతో అలంకరిద్దాం



డిసెంబరు దగ్గర పడగానే ప్రతి సంఘంలోను పెద్దలు కూర్చుంటారు. సెమీ క్రిస్మస్ ఎప్పుడు, బీదలకు బట్టలు ఎవరికివ్వాలి, ప్రేమవిందుకు వంట ఎవరు అన్నీ మాట్లాడుకున్నాక చివరికి ఒక ప్రశ్న మిగులుతుంది: డెకరేషన్‌కు ఎంత? పోయిన సంవత్సరం మా సంఘంలో టౌను నుండి వచ్చినవారు చెప్పిన మొత్తం విని అందరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మా సంఘంలోని ఇద్దరు విధవరాండ్రకు ఏడాది పొడుగునా బియ్యం కొనివ్వడానికి ఆ డబ్బు సరిపోతుంది. అయినా ఇచ్చాం. థర్మాకోల్ దేవదూతలు, ప్లాస్టిక్ పూలు, తళుకు కాగితపు తోరణాలు వచ్చాయి. మందిరం మెరిసిపోయింది.

జనవరి మొదటి వారంలో అవన్నీ మందిరం వెనుక కుప్ప పోసి ఎవరో నిప్పు పెట్టారు. ఆ నల్లటి పొగ వెనుక వీధి ఇళ్లలోకి పోయింది. ఒక తల్లి పసిబిడ్డను చంకనెత్తుకొని బయటికి వచ్చి, "పండుగ అయిపోయిందిగదండీ, ఇంకా ఈ పొగ మాకెందుకు?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చాపలు అల్లుకొని బ్రతికే మా సంఘపు పెద్దమ్మ ఒకామె అన్న మాట కూడా నన్ను వదలలేదు. "మా చిన్నప్పుడు తాటాకు నక్షత్రం మేమే కట్టేవాళ్లం బాబూ. ఇప్పుడు చందా రాసుకోవడానికి వస్తారు గాని, చెయ్యి వెయ్యమని ఎవరూ పిలవరు." డబ్బిచ్చి అలంకరణ కొనుక్కున్నప్పుడు, డబ్బు లేనివారికి మందిరంలో పని లేకుండా చేశామని అప్పుడు తెలిసింది.

అందుకే ఈ వారం, మన చుట్టూ దొరికే ఆకు, గడ్డి, మట్టి, కంకులతో మందిరాన్ని ఎలా అలంకరించుకోవచ్చో వివరంగా రాస్తున్నాను.

లేఖనాలు ఏమంటున్నాయి?

చెట్ల కొమ్మలతో పండుగ చేయడం దేవుని ప్రజలకు కొత్త కాదు. పర్ణశాలల పండుగకు ఖర్జూరపు మట్టలు, గుబురైన చెట్ల కొమ్మలు తెచ్చి ఏడు దినములు సంతోషించమని లేవీయకాండము 23వ అధ్యాయంలో ఆజ్ఞ ఉంది. నెహెమ్యా దినాలలో చెరనుండి తిరిగి వచ్చినవారు కొండలకు వెళ్లి ఒలీవ, ఖర్జూర, గొంజి కొమ్మలు తెచ్చుకొని ఇంటి మిద్దెల మీద, మందిరపు ఆవరణంలో పర్ణశాలలు కట్టుకున్నారు. ప్రత్యక్ష గుడారానికి కావలసిన నూలును నేర్పుగల స్త్రీలు తమ చేతులతో వడికి తెచ్చారని నిర్గమకాండము 35వ అధ్యాయం చెబుతుంది. దేవుడు బంగారాన్ని మాత్రమే కాదు, చేతిపనిని కూడా కానుకగా అంగీకరించాడు.

మన పశువుల పాక అలంకరణ కూడా అలా పుట్టినదే. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊరిలో అస్సీసి ఫ్రాన్సిస్ ఒక తొట్టి, ఎండుగడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిదతో క్రీస్తు జనన దృశ్యాన్ని సామాన్య ప్రజల ముందుంచాడు. ఆ ఊరివారికి తెలిసిన సామాన్యమైన వాటినే వాడాడు.

"మామిడాకులు కట్టడం అన్యాచారం కాదా?" అని కొందరు విశ్వాసులు నిజాయితీగా అడుగుతారు. యిర్మీయా 10వ అధ్యాయాన్ని కూడా చూపిస్తారు. అక్కడ ప్రవక్త ఖండించింది అడవిలో చెట్టు నరికి, వెండి బంగారములతో అలంకరించి, దాన్ని దేవుడని భయపడడం. ఆకును ఎవరూ మొక్కనప్పుడు ఆకులో దోషం లేదు. మామిడి చెట్టును చేసినవాడు మన తండ్రియే. 1939 జనవరి 6న ప్రతిష్ఠించబడిన డోర్నకల్ కెథడ్రల్‌ను బిషప్ అజరయ్య గారు మన దేశపు ఆలయ, మసీదు నిర్మాణ రీతులు కలిపి కట్టించారు. ఈ నేల అందం క్రీస్తుకు పరాయిది కాదని ఆ గోడలు ఇప్పటికీ చెబుతున్నాయి. అయినా మీ సంఘంలో ఎవరి మనస్సాక్షి అయినా నొచ్చుకుంటే వాదించవద్దు. కొబ్బరాకు, తాటాకు వాడండి. అలంకరణ కోసం సహోదరుణ్ణి పోగొట్టుకోకూడదు.

ఇంకొక సంగతి. 2022 జూలై 1 నుండి మన దేశమంతటా అలంకరణకు వాడే థర్మాకోల్ తయారీ, అమ్మకం, వాడకం నిషేధించబడ్డాయి. ప్లాస్టిక్ జెండాలు, బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలు, 100 మైక్రాన్ల కంటే పలుచనైన ప్లాస్టిక్ బ్యానర్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. చట్టానికి లోబడడం విశ్వాసి సాక్ష్యంలో భాగం గదా.

గుమ్మానికి తోరణం

మామిడాకులైనా, నరమామిడి ఆకులైనా ముదురువి తీసుకోండి. లేత ఆకు సాయంత్రానికే వాడిపోతుంది. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, తొడిమ దగ్గర ఆకును పురికొస మీదుగా వెనక్కి మడిచి, కొబ్బరి ఈనె ముక్కతో గుచ్చండి. స్టాప్లర్ పిన్నులు వద్దు. తరువాత ఆకులను పశువులు తింటే ఆ పిన్నులు కడుపులోకి పోతాయి. ఆకుకూ ఆకుకూ మధ్య బంతిపువ్వు ఒకటి చొప్పున గుచ్చితే ఆకుపచ్చ, పసుపు కలిసి కంటికి నిండుగా ఉంటుంది.

పెద్ద ద్వారానికి కొబ్బరి మట్టలు మేలు. మట్టను నడిమి ఈనె వెంబడి నిలువునా రెండుగా చీల్చి, గుమ్మానికి అటొక సగం ఇటొక సగం కట్టి, కొసలను పైన వంచి కలపండి. ఆర్చీ వచ్చేస్తుంది.

తాటాకు నక్షత్రం

తాటాకు గట్టితనం మనకు తెలిసిందే. మన పెద్దలు గంటంతో రాసిన తాళపత్రాలు వందల ఏళ్లు నిలిచాయి. ఒకసారి చేసిన తాటాకు నక్షత్రం తడవకుండా దాచుకుంటే చాలా క్రిస్మస్‌లు చూస్తుంది.

చెట్టు మొవ్వు మాత్రం కొయ్యనివ్వకండి. అప్పుడే విచ్చుకున్న లేత ఆకు ఒకటి చాలు; గీత కార్మికులను అడిగితే దించి ఇస్తారు. నాలుగైదు రోజులు నీడలో ఆరబెట్టి, అంగుళం వెడల్పు చీలికలు చేసుకోండి. అల్లే ముందు కాసేపు నీటిలో నానబెడితే విరగవు.

నక్షత్రానికి చట్రం కావాలి. రెండడుగుల వెదురు బద్దలు ఐదు, అన్నీ సమానమైన పొడవు. పిల్లలు పలక మీద చెయ్యి ఎత్తకుండా చుక్క గీసినట్టే కట్టాలి. మొదటి రెండు బద్దలను పైకొసల దగ్గర కట్టి, కింద కాళ్లు చాపండి. కుడికాలి కొసకు మూడో బద్ద కట్టి ఎడమవైపు పైకి పోనివ్వండి. ఆ పైకొసకు నాలుగోది కట్టి అడ్డంగా కుడివైపుకు పోనివ్వండి. దాని కొస నుండి ఐదోది కిందికి వచ్చి ఎడమకాలిని కలుస్తుంది. బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్లా పురికొసతో బిగిస్తే చట్రం కదలదు. ఇక తాటాకు చీలికలను బద్దల చుట్టూ వరుసగా చుట్టి, మధ్య ఖాళీని చాప అల్లినట్టు అల్లండి. సన్నని చీలికలు కింద వేలాడదీస్తే తోక. మందిరం ముఖద్వారం మీదికైతే అదే పద్ధతిలో ఐదారు అడుగుల బద్దలు వాడండి.

క్రిస్మస్ చెట్టు

కోస్తా ఊళ్లలో సరుగుడు కొమ్మనే క్రిస్మస్ చెట్టుగా నిలబెట్టడం మన పెద్దల కాలం నుండి ఉంది. చెట్టు నరకనక్కరలేదు. సరుగుడు తోటలు కర్ర కోసం, కాగితపు గుజ్జు కోసం ఎలాగూ కొడతారు. కొట్టిన చెట్ల తలకొమ్మ అడిగి తెచ్చుకోండి. తడి ఇసుక నింపిన కుండలో నాటి రోజూ నీళ్లు పోయండి. పండుగకు రెండు రోజుల ముందు మాత్రమే తెండి.

సరుగుడు దొరకని తెలంగాణ పల్లెల్లో, పట్టణాల్లో ఎండిన కొమ్మ ఒకటి ఏరుకొచ్చి సున్నం కొట్టి నిలబెట్టండి. తెల్లని కొమ్మకు విచ్చుకున్న పత్తికాయలు కట్టండి. మనకు మంచు కురవదు గాని, మన పొలాల్లో పత్తి తెల్లగా పూస్తుంది. ఎండిన తుమ్మకాయలు, కొబ్బరి చిప్ప ముక్కలు, తాటాకుతో చేసిన చిన్న చేపలు, గంటలు కూడా వేలాడదీయవచ్చు.

వరికంకుల కుచ్చు

ఇది నాకు అన్నిటికంటె ఇష్టమైనది. గోదావరి జిల్లాల్లో పూర్వం వసారాలో పిచ్చుకల కోసం వరికంకుల కుచ్చులు కట్టేవారు. సార్వా కోతలు క్రిస్మస్ ముందే వస్తాయి. కంకులు మరీ పండిపోకముందు, అడుగు పొడవు కాడతో గుప్పెడు కోసుకోండి. కాడలను తడిపి, గింజలు కిందికి వేలాడేలా పురికొసతో బిగించి కట్టి, మిగిలిన కాడలను మూడు పాయలుగా జడ అల్లి పైన ఉంగరంలా మడవండి. పిల్లి అందుకోలేని ఎత్తులో మందిరపు వరండాలో కట్టండి.

రెండు పిచ్చుకలు కాసుకు అమ్మబడినా వాటిలో ఒక్కటి తండ్రికి తెలియకుండా నేల రాలదని ప్రభువు చెప్పాడు. ఆ మాటను సండే స్కూల్ పిల్లలకు బోధించడానికి ఇంతకంటె మంచి బొమ్మ లేదు. రైతు కుటుంబాలకు అది ప్రథమఫలం కూడా అవుతుంది.

పశువుల పాక

పాకకు నాలుగు కర్రలు, పైన తాటాకు, లోపల వరిగడ్డి. బొమ్మలు పిల్లలే చేయాలి. చెరువు బంకమట్టి తెచ్చి ఒక రాత్రి నానబెట్టి, రాళ్లు ఏరి, కొంచెం సన్నని ఇసుక కలిపి మెత్తగా మర్దించండి. జానెడు కంటె పెద్ద బొమ్మలు చేయవద్దు. ఎండలో పెడితే పగుళ్లిస్తాయి కాబట్టి నాలుగైదు రోజులు నీడలో ఆరనివ్వండి. పగులు వస్తే తడిమట్టితో పూడ్చండి. రంగులకు సున్నం, పసుపు, జాజు, బొగ్గుపొడి చాలు. పసుపులో కొంచెం సున్నం కలిపితే ఎరుపు వస్తుంది, పిల్లలు ఆశ్చర్యపోతారు. మరియమ్మ ముక్కు వంకరగా వచ్చినా ఫరవాలేదు, సరిచేయకండి.

జాగ్రత్తలు

ఎండుగడ్డి, తాటాకు, పత్తి క్షణంలో అంటుకుంటాయి. వాటి దగ్గర కొవ్వొత్తి, వేడెక్కే పాత బల్బు వద్దు, ఎల్.ఇ.డి. దీపాలే పెట్టండి. వైరు అతుకులు చూసుకోండి. కొవ్వొత్తుల ఆరాధన రాత్రి రెండు బకెట్ల నీళ్లు, ఒక బకెట్ ఇసుక తలుపు దగ్గర ఉంచండి.

గురివింద గింజలు ఎర్రగా అందంగా ఉంటాయి గాని కొరికి మింగితే ప్రాణాపాయం. గన్నేరు, ఉమ్మెత్త కూడా విషమే. పిల్లల చేతికి అందే చోట వీటిని పెట్టవద్దు. రోడ్డు పక్కన తెల్లని చిన్న పూలతో కనిపించే వయ్యారిభామను పూలగుత్తుల్లో వాడకండి; చర్మానికి దురద, కొందరికి ఆయాసం తెస్తుంది.

యుద్ధంలో పట్టణాన్ని ముట్టడించినప్పుడు కూడా ఫలమిచ్చే చెట్లను నరకవద్దని ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయం ఆజ్ఞాపించింది. పండుగలో మనం అంతకంటె జాగ్రత్తగా ఉండాలి గదా. ఎవరి చెట్టు కొమ్మైనా అడిగి మాత్రమే కొయ్యండి.

పండుగ తరువాత

నూతన సంవత్సర ఆరాధన అయ్యాక తాటాకు నక్షత్రం, వెదురు చట్రం, పురికొస దాచిపెట్టండి. పురికొస విప్పాక ఆకులు, పూలు మందిరం మూల గోతిలో వేసి మట్టి కప్పితే వానాకాలం నాటికి ఎరువవుతుంది. వరిగడ్డి ఆవులకు. వరికంకుల సంగతి పిచ్చుకలు చూసుకుంటాయి. నిప్పు పెట్టడానికి ఏమీ మిగలదు.

డిసెంబరు మొదటి ఆదివారమే పనులు పంచుకోండి. తాటాకు, వెదురు పని పెద్దవారికి, తోరణాలు స్త్రీల సమాజానికి, చెట్టు, దీపాలు యౌవనస్థులకు, మట్టి బొమ్మలు పిల్లలకు. ఒక్క మాట మరువకండి: చందా రాయలేనివారిని ముందు పిలవండి. అలంకరణలో మిగిలిన డబ్బు ఎవరింటికి బియ్యంగా వెళ్లాలో అదే రోజు నిర్ణయించుకోండి.

ఈ సంవత్సరం మా పెద్దలు ఆ చాపలల్లే పెద్దమ్మ ఇంటికి వెళ్లారు. నక్షత్రం కట్టడం మా కుర్రవాళ్లకు నేర్పమని అడిగారు. ఆమె వెంటనే లోపలికి వెళ్లి కత్తి తెచ్చుకొని, "ఆకు తెచ్చారా మరి?" అంది.

సత్రంలో చోటు దొరకని ప్రభువును పడుకోబెట్టింది పశువుల తొట్టిలో. మన తాటాకును, మన మట్టిని ఆయన చిన్నచూపు చూడడు. మీ అందరికీ క్రిస్మస్ శుభములు.