మైదానం గేటు తెరిస్తే సరిపోదు
మహమ్మారి వేళ పిల్లల ఆటలు మళ్లీ మొదలుపెట్టాలంటే...

కరోనా కారణంగా 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి రావడంతో పల్లెల్లోని హైస్కూలు మైదానాలు సైతం మూతపడ్డాయి. ప్రేక్షకులు లేకుండా క్రీడా ప్రాంగణాలు తెరిచేందుకు కేంద్ర హోంశాఖ మే 17న అనుమతించినా, ఆ వెసులుబాటు గ్రామీణ క్రీడాకారులకు వెంటనే అందలేదు. పాఠశాల మైదానమే వారికి స్టేడియం. ఆంధ్రప్రదేశ్‌లో 9, 10 తరగతులు ఆ ఏడాది నవంబరు 2న, తెలంగాణలో 9వ తరగతి ఆపై తరగతులు 2021 ఫిబ్రవరి 1న ప్రారంభమయ్యాయి. సైన్యంలో చేరాలని తెల్లవారుజామునే పరుగు సాధన చేసే యువకుల పరిస్థితి మరీ దయనీయం. నియామకాలు రెండేళ్లు నిలిచిపోవడంతో, 2022 జూన్‌లో కేంద్రం ఆ ఒక్క ఏడాదికి గరిష్ఠ వయసును 21 నుంచి 23 ఏళ్లకు పెంచవలసి వచ్చింది.

ఆరుబయట గాలికి వైరస్ త్వరగా చెదిరిపోతుంది. కనుక మూసిన గదిలో కంటే మైదానంలో ముప్పు తక్కువ. అయితే అన్ని ఆటలూ ఒకటి కావు. పరుగు, లాంగ్‌జంప్ వంటివి ఎడంగా ఉండి సాధన చేయవచ్చు. వాలీబాల్‌లో జట్ల మధ్య నెట్ ఉంటుంది. కబడ్డీ సంగతి వేరు. కూత ఆపకుండా ప్రత్యర్థుల మీదికి వెళ్లాలి, పట్టుబడితే నలుగురైదుగురు మీద పడతారు. ప్రొ కబడ్డీ లీగ్ సైతం 2020లో జరగలేదు. 2021 డిసెంబరు 22న బెంగళూరులో ప్రేక్షకులు లేకుండానే తిరిగి మొదలైంది. కాబట్టి కబడ్డీ పిల్లలకు తొలి వారాల్లో వ్యాయామం, అడుగుల సాధనతో సరిపెట్టి, పట్లు చివరికి ఉంచడం మేలు.

అసలు చిక్కు తరచుగా గీత బయటే ఉంటుంది. ఒకే ఆటోలో పదిమంది కిక్కిరిసి రావడం, ఒకే గ్లాసుతో నీళ్లు తాగడం, ఆట ముగిశాక గుంపుగా కూర్చోవడం వంటివి ఎవరి దృష్టికీ రావు. ఇంటి నుంచి ఎవరి నీళ్ల సీసా వారు తెచ్చుకోవడానికి ఖర్చేమీ లేదు. బంతికి ఉమ్మి రాయడాన్ని ఐసీసీ 2020 జూన్‌లో నిషేధించింది, 2022లో ఆ నిషేధాన్ని శాశ్వతం చేసింది. మాస్కు విషయంలో మాత్రం కొందరు అతిగా పోయారు. వ్యాయామం చేసేటప్పుడు మాస్కు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే స్పష్టం చేసింది. చెమటకు తడిస్తే ఊపిరి ఆడటం కష్టమవుతుంది. బెంచీపై కూర్చున్నవారు ధరిస్తే చాలు.

నెలల తరబడి కదలని కాళ్లను మొదటి రోజే పూర్తి వేగంతో పరుగెత్తిస్తే కండరాలు పట్టేస్తాయి. అందులోనూ వేసవి అయితే వడదెబ్బ భయం తోడవుతుంది. వ్యాధి సోకి కోలుకున్నవారి విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. కొందరిలో గుండె కండరానికి వాపు వచ్చే అవకాశం ఉంది. స్వల్ప లక్షణాలతో బయటపడినవారు అవి పూర్తిగా తగ్గాకే నడకతో మొదలుపెట్టి, కొద్దిరోజుల్లో క్రమంగా పరుగుకు రావాలి. గుండె కండరానికి వాపు ఉన్నట్లు తేలితే మూడు నుంచి ఆరు నెలలు ఆటకు దూరంగా ఉండాలన్నది వైద్యుల మాట. ఆడుతూ ఛాతీలో నొప్పి, గుండెదడ, కళ్లు తిరగడం వంటివి చెప్పిన పిల్లవాణ్ణి 'బద్ధకం' అని మందలించకుండా వెంటనే ఆట ఆపించి, ఆసుపత్రిలో ఈసీజీ తీయించాలి.