పేక తెగితే మగ్గం ఆగుతుంది, వెబ్‌సైట్ ఆగదు

మన సోలాపూర్ చాళీలలో ఇప్పుడు అర్జీ పెట్టని ఇల్లు లేదు. పెన్షన్‌కు ఒకటి, పీఎఫ్‌కు ఒకటి, పిల్లల స్కాలర్‌షిప్‌కు ఒకటి, రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కించడానికి ఇంకొకటి. ఒకప్పుడు ఇవన్నీ కాగితం మీద రాసి, ఆఫీసు కిటికీ ముందు వరుసలో నిలబడి ఇచ్చేవాళ్లం. గుమాస్తా ముద్ర కొట్టి పావతి చేతిలో పెట్టేవాడు. ఇప్పుడు వరుస లేదు, కిటికీ లేదు. తెర మీద ఒక తెల్ల పెట్టె ఉంటుంది. "మీ ఫిర్యాదు ఇక్కడ రాయండి" అంటుంది. అరగంట కూర్చుని రాసి బటన్ నొక్కితే, "మీ సెషన్ ముగిసింది, మళ్లీ లాగిన్ అవ్వండి" అని వస్తుంది. రాసిందంతా పోతుంది. ఒక్క అక్షరం మిగలదు.

నేను వారమంతా టవల్ కారఖానాలో లెక్కలు రాస్తాను. ఆదివారం పొద్దున మా గల్లీ సంఘం గదిలో కూర్చుని ఇలాంటి అర్జీలు నింపిపెడతాను. ఈ మాట విననివారం అరుదు: "రాసిందంతా పాయె బిడ్డా, ఇప్పుడెట్ల?" చాలామంది తప్పు తమదే అనుకుంటారు. చదువు రాకపోవడం వల్లనో, వేలు ఎక్కడో తగలడం వల్లనో పోయిందని సిగ్గుపడతారు. అది నిజం కాదు. ఎందుకు పోతుందో తెలిస్తే సిగ్గుపడే పనే లేదు.

మగ్గం పని తెలిసిన మనకు ఇది సులువుగా అర్థమవుతుంది. పవర్‌లూమ్ మీద పేక తెగినా, నాడెలో కండె అయిపోయినా, పక్కనున్న చిన్న ఫోర్క్ పసిగట్టి మగ్గాన్ని ఆపేస్తుంది. 1924లో జపాన్‌లో సకిచి టొయోడా తయారుచేసిన ఆటోమేటిక్ మగ్గం పడుగులో ఒక్క పోగు తెగినా దానంతట అదే ఆగేది. పోగు లేకుండా మగ్గం ఉత్తగా ఆడితే బట్ట పాడవుతుందని నూరేళ్ల కిందటే ఆలోచించినవాళ్లు ఉన్నారు. వెబ్‌సైట్ పెట్టెకు చాలాచోట్ల అలాంటి ఫోర్క్ ఉండదు. అవతల పోగు ఎప్పుడో తెగిపోయి ఉంటుంది. ఇవతల మనం నేస్తూనే ఉంటాం.

ఆ పెట్టెలో మనం రాసేది బటన్ నొక్కేదాకా ఆఫీసు కంప్యూటర్‌కు చేరదు. మన ఫోన్‌లోనే, తెరిచి ఉన్న ఆ పేజీలోనే ఉంటుంది. అవతలి కంప్యూటర్‌ను సర్వర్ అంటారు. మనం ఏదైనా నొక్కి పేజీ మారిస్తేనే మనం ఉన్నామని దానికి తెలుస్తుంది. అరగంట టైపు చేస్తున్నా దానికి వినబడదు. "ఈ మనిషి లేచిపోయినట్టున్నాడు" అనుకుని, పెట్టిన గడువు కాగానే లాగిన్ తీసేస్తుంది. ఇంటర్నెట్ సెంటర్‌లో ఒకరు లేచి వెళ్లాక ఇంకొకరు కూర్చుని వాళ్ల ఖాతా చూడకూడదని పెట్టిన కట్టడి ఇది. కట్టడి మంచిదే. కానీ కూర్చుని రాస్తున్నవాడినీ లేచిపోయినవాడినీ ఒకే కట్టుకు కట్టేస్తుంది.

ఫోన్‌లో ఇంకో బాధ ఉంది. తక్కువ ధర ఫోన్లలో మెమరీ కొంచెమే. రాస్తూ రాస్తూ పాస్‌బుక్ ఫోటో చూద్దామని వేరేచోటికి వెళ్లి వస్తే, ఆలోపు ఫోన్ ఆ పేజీని తీసేసి ఉంటుంది. తిరిగి వచ్చేసరికి పేజీ కొత్తగా తెరుచుకుంటుంది, పెట్టె ఖాళీ. ఇక డెస్క్‌టాప్ ముందు కూర్చున్నవాళ్లకు కరెంటు పోవడం ఒకటి ఉండనే ఉంది.

"పోతే పోయింది, మళ్లీ రాస్తే సరి" అనేవాళ్లు ఉంటారు. మళ్లీ రాయడం అంత తేలిక కాదని నాకు మా చాళీ పెద్దాయన ఒకరి పనిలో తెలిసింది. మేమంతా ఆయనను కాకా అంటాం. మిల్లులో ముప్ఫై ఏళ్లకు పైగా చేశారు. మిల్లు హాజరు పుస్తకంలో ఆయన పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. ఊరి నుంచి వచ్చిన మనవాళ్లలో చాలామందికి ఇదే గతి. ముకాదం తన చెవికి ఎలా వినబడితే అలా రాయించాడు. ఆ ఒక్క తేడాతో కాకా పెన్షన్ ఆగింది. ఈ పీఎఫ్ పెన్షన్ పథకం 1995 నవంబర్ 16న మొదలైంది. కనీస పెన్షన్ నెలకు వెయ్యి రూపాయలు అని 2014 సెప్టెంబర్ నుంచి ఉంది. వెయ్యి ఎంత చిన్నదో అందరికీ తెలుసు. కానీ కాకా బీపీ గోలీలు ఆ వెయ్యిలోనే రావాలి.

ఫిర్యాదు రాయడానికి ఆయన నా పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టారు. ఏ ఖాతాలో చేరారు, ఏ ముకాదం కింద చేశారు, బిల్లా నంబర్ ఎంత, రాత్రిపాళీకి ఎప్పుడు మారారు, పక్క మగ్గం మీద ఎవరుండేవారు. మొదట తడబడ్డారు. తర్వాత ఒక్కొక్కటి గుర్తుకు వచ్చింది. ఆయన చెప్తుంటే నేను వరుసగా పేర్చి రాశాను. నలభై నిమిషాలు పట్టింది. బటన్ నొక్కితే సెషన్ ముగిసిందని వచ్చింది. గడువు ఉందని ఆ పేజీలో ఎక్కడా రాసి లేదు. అయిపోవస్తోందని హెచ్చరికా రాలేదు.

"కాకా, మల్ల ఒకసారి చెప్పాలె" అన్నాను.

"చెప్పిన కద బిడ్డా. ఎన్నిసార్లు చెప్పాలె?" అన్నారు.

రెండోసారి ఆయన నోటి నుంచి ఐదు వాక్యాలే వచ్చాయి. ముకాదం పేరు రాలేదు, బిల్లా నంబర్‌లో రెండు అంకెలు తారుమారయ్యాయి. ముసలి మనిషి జ్ఞాపకం నీళ్ల నల్లాలాంటిది. వచ్చినప్పుడు పట్టుకోవాలి. ఆ ఐదు వాక్యాలే పంపాం. వివరాలు చాలవని నెల తర్వాత తిరిగి వచ్చింది. ఆ తర్వాత ఆయన మనవరాలు రోజుకు కొంచెం కొంచెం అడిగి, చెప్పింది చెప్పినట్టు బడి నోటుబుక్కులో రాసింది. ట్రంకుపెట్టె అడుగున బిల్లా కూడా దొరికింది. మూడోసారి ఆ నోటుబుక్కు చూసి రాసి పంపాం. పేరు సరైంది. పెన్షన్ మొదలైంది, ఆగిపోయిన నెలల బాకీ ఇంకా రావాలి.

అప్పటి నుంచి మా సంఘం గదిలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. మీకూ పనికొస్తుంది.

పెట్టెలో నేరుగా ఏదీ రాయొద్దు. ముందు నోటుబుక్కులో రాయండి, లేదా ఫోన్‌లో వేరేచోట రాయండి. వాట్సాప్‌లో మీకు మీరే మెసేజ్ పంపుకునే వీలు 2022 చివర్లో వచ్చింది. అర్జీ మొత్తం అక్కడ రాసి మీకే పంపుకుంటే ఫోన్ ఆగినా ఉంటుంది. టైపు రానివాళ్లు మైకు గుర్తు నొక్కి తెలుగులోనే చెప్పొచ్చు. అక్కడి నుంచి కాపీ చేసి పెట్టెలో అతికిస్తే రెండు నిమిషాల పని.

కాగితాలు, నంబర్లు అన్నీ ముందే పక్కన పెట్టుకోండి. మధ్యలో లేచి వెతికితే గడువు దాటిపోతుంది. ఓటీపీ వస్తే పైన కనబడినప్పుడే చూసి రాసుకోండి, పేజీ విడిచి వెళ్లొద్దు.

పెట్టెలో ఎన్ని అక్షరాలు పడతాయో చూడండి. కేంద్ర ప్రభుత్వ ఆర్టీఐ ఆన్‌లైన్ అర్జీలో 3000 అక్షరాలే పడతాయి. అంతకు మించితే పీడీఎఫ్‌గా జతచేయాలి. ఇది ముందే తెలిస్తే చివర్లో తిప్పలుండవు.

పంపే ముందు మొత్తం ఎంచుకుని కాపీ చేసి ఉంచండి. కంప్యూటర్‌లో అయితే కంట్రోల్ ఏ, తర్వాత కంట్రోల్ సీ. ఒకవేళ సర్వర్ ఎర్రర్ వస్తే కంగారుపడి పేజీ మూసెయ్యొద్దు. ఒకసారి వెనక్కి బాణం నొక్కి చూడండి. కొన్నిసార్లు రాసింది అలాగే ఉంటుంది. డబ్బు కట్టే పేజీ అయితే మాత్రం మళ్లీ మళ్లీ నొక్కొద్దు, రెండుసార్లు కట్ కావచ్చు. ముందు బ్యాంకు మెసేజ్ చూసుకోండి.

చివరగా, రిజిస్ట్రేషన్ నంబర్ చేతికి రాకపోతే అర్జీ వెళ్లనట్టే లెక్క. అదే ఈ కాలపు పావతి. దాన్ని ఫోటో తీసి, నోటుబుక్కులో కూడా రాసిపెట్టండి.

ఇవన్నీ మన వైపు జాగ్రత్తలు. అయితే జాగ్రత్త మొత్తం మన నెత్తినే వేయడం న్యాయం కాదు. వెబ్‌సైట్లు ఎలా ఉండాలో ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రమాణాలు ఉన్నాయి. సెషన్‌కు గడువు పెడితే, అది ముగిసే ముందు హెచ్చరించాలి. కనీసం 20 సెకన్లు టైమిచ్చి, ఒక్క నొక్కుతో గడువు పొడిగించుకునే వీలు ఇవ్వాలి. ఆ ప్రమాణాల్లో ఇది మొదటి మెట్టు నియమం. మన ప్రభుత్వ వెబ్‌సైట్లకు కూడా మార్గదర్శకాలు 2009లో వచ్చాయి, మూడో కూర్పు 2023లో వచ్చింది. అవి ఈ ప్రపంచ ప్రమాణాలనే ఆధారం చేసుకున్నాయి. అంటే మనం అడిగేది దయ కాదు. ఫోర్క్ బిగించమని అడుగుతున్నాం, అంతే.

అందుకే మా సంఘం ఒక పని మొదలుపెట్టింది. ఎవరి అర్జీ ఇలా పోయినా తేదీ, టైము, తెర మీద వచ్చిన మాట ఒక రిజిస్టర్‌లో రాస్తున్నాం. వీలైతే తెర ఫోటో కూడా ఉంచుతున్నాం. ఒక్కరు చెబితే "మీకు రాదు" అంటారు. రిజిస్టర్ నిండా ఉంటే ఆ మాట అనలేరు. భివండి, ముంబై, సూరత్ వైపు మనవాళ్లు కూడా తమ తమ సంఘాల్లో ఇలాగే రాసిపెడితే, అన్నీ కలిపి ఒకే అర్జీగా పంపొచ్చు. ఆ అర్జీని మాత్రం ముందు కాగితం మీదే రాద్దాం.