చేతులు మండే కాలం

కూరలో కారం కాస్త ఎక్కువైతే చాలు... మంచినీళ్ల గ్లాసు కోసం తడుముకుంటాం. అలాంటిది, తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా ఆ మిరప చేలోనే నిలబడాలంటే? గుంటూరు, పల్నాడు పొలాల్లో జనవరి నుంచి ఏప్రిల్‌ దాకా కోత కూలీలు చేసే పని అదే!

వాళ్లలో చాలామందిది ఆ ప్రాంతం కాదు. కర్నూలు జిల్లా పడమటి వైపున్న కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాలు. తుంగభద్ర దగ్గర్లోనే పారుతున్నా అక్కడి పొలాలు ఎక్కువగా వానను నమ్ముకున్నవే. ఖరీఫ్‌ పంట ఇంటికి చేరితే ఊళ్లో ఇక పనులుండవు. దాంతో బియ్యం మూటలూ వంటసామానూ సర్దుకుని కుటుంబాలకు కుటుంబాలే బండెక్కేస్తాయి. చాలా ఇళ్లకు ముసలివాళ్లే కాపలా.

చీకటితోనే...

పొలం గట్టున పట్టాలతో వేసుకున్న డేరాల ముందు తెల్లవారకముందే మూడురాళ్ల పొయ్యిలు వెలుగుతాయి. పొద్దుటికీ మధ్యాహ్నానికీ ఒకటే వంట. చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుని, తలకూ ముక్కుకూ కలిపి తువ్వాలు చుట్టుకుని ఎండెక్కకముందే చేలోకి దిగుతారు.

చూడ్డానికి తేలిగ్గా ఉన్నా కోతలో ఒడుపు ఉంది. పండిన కాయే తెంపాలి, పచ్చిది తర్వాతి కోతకు వదలాలి. తొడిమ ఊడకూడదు, కొమ్మ విరగకూడదు. వంచిన నడుం ఎత్తే తీరిక ఉండదు. ఎండ ముదిరేకొద్దీ ఘాటుకి తుమ్ములూ దగ్గూ. చెమట తుడుచుకోబోయి వేలు కంటికి తగిలిందా... ఇక అంతే! సాయంత్రానికి చేతులు నిప్పుల్లా మండుతాయి. నీళ్లతో కడిగినా తగ్గదు. మిరపకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్‌ నీటిలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే పడుకునే ముందు చేతులకు కొబ్బరినూనె రాసుకుంటారు.

కాటా దగ్గర...

కొన్నిచోట్ల రోజుకూలి, కొన్నిచోట్ల కిలోకింత. కిలో లెక్కయితే అన్నం తినడమూ గబగబానే. ఇక, రైతు లెక్క రైతుది. 100 కిలోల పండుమిర్చి కల్లంలో ఎండితే మిగిలేది 25 నుంచి 35 కిలోలే. కిలోల లెక్కన కూలి ఇచ్చేది పచ్చి బరువుకి, గుంటూరు యార్డులో ధర వచ్చేది ఎండు బరువుకి! 2021-22 సీజన్లో నల్ల తామరపురుగు పూత మీద పడినప్పుడు ఇద్దరూ దెబ్బతిన్నారు. చెట్టున కాయ లేకపోతే రైతుకు రాబడేదీ, కూలీకి పనేదీ?

ఆ పిల్లల సంగతి?

కోతలు జోరుగా సాగే ఫిబ్రవరి, మార్చి నెలలే బడిలో చదువులు ఊపందుకునే రోజులు. అమ్మానాన్నలు వలసెళ్లిన పిల్లల కోసం సీజనల్‌ హాస్టళ్లు పెడుతుంటారు. అయినా చెట్టు కింద ఉయ్యాల్లోని తమ్ముణ్ని చూసుకోవడానికి అక్క కావాలి. కాస్త ఎదిగిన పిల్లయితే ఆ రెండు చేతులూ కాటాలో కొన్ని కిలోలు పెంచుతాయి. అప్పు తీరాలన్నా, వచ్చే ఖరీఫ్‌కి విత్తనాలు కొనాలన్నా ఆ కిలోలే ఆధారం. ఇంట్లో ఎవరినని తప్పుపడతాం?

ఏప్రిల్‌లో ఊరు చేరాక చేతుల మంట నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. ఆ పిల్ల మాత్రం జూన్‌లో మళ్లీ బడి గడప తొక్కాలి. ఆ ఇంటికి ఏటేటా ఈ ప్రయాణం తప్పే దారి అక్కడే మొదలవుతుంది.