పాత ఫోను – క్రొత్త ఒడంబడిక

మొన్న శిరివెళ్ల అంగడిలో ఉప్పుపప్పులు కొని ఫోనుతో పైకము చెల్లింపఁబోతిని. యాప్ పాతఁబడినది, అప్‌డేట్ చేయుమని తెరపైఁ గనఁబడెను. నా ఫోను మిక్కిలి పాతది. క్రొత్త యాప్ దానియందు ఎక్కదు. అప్పుపెట్టి ఇల్లు చేరితిని. బ్యాంకులో సొమ్మున్నది, ఫోను చెడలేదు. మఱి లోపమెక్కడ?

దూరమున సర్వరను యంత్రము కలదు. యాప్ దానికి ఒక నిర్ణీతరూపమున అర్జీ పంపును. అది ఆ రూపముననే బదులిచ్చును. ఈ యొడంబడికకే ఏపీఐ యని పేరు. అర్జీలోని గడులు మాఱినచో పాత యాప్ వ్రాఁత సర్వరునకుఁ దెలియదు.

ఇట్టి మార్పు మన మెఱుఁగనిది కాదు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 16 అణాలు పోయి 100 నయాపైసలు వచ్చెను. పావలాకు 25, అర్ధరూపాయికి 50 సరిపోయెను. అణాకు ఆఱుంబావు వచ్చి చిక్కుపడెను. అయినను పాత నాణెములు వెంటనే రద్దు కాలేదు. కొంతకాలము క్రొత్తవానితోఁ గూడ చెల్లినవి. 1964లోఁ గాని "నయా" యను మాట తొలఁగలేదు.

సర్వరునకును ఇదియే నీతి. క్రొత్త గడి చేర్పవచ్చును; పాతదానిని తటాలునఁ దీయరాదు. దొంగల భయముచేతనో, మఱియొక కారణముచేతనో తీయవలసివచ్చినచో, మార్పునకు వేఱు వెర్షన్ సంఖ్య నిచ్చి, ముందుగాఁ జాటించి, వీలైనంతకాలము రెంటిని నడుపవలెను. లేనిచో పాత ఫోను గల పేదవాఁడే మొదట గుమ్మము వెలుపల నిలుచును.