ఒరోమో భాష – ఒక బాలిక కాపాడిన వాక్సంపద

బిడ్డలకు అక్షరములు దిద్దించునపుడు హ్రస్వదీర్ఘముల భేదమును మనము నొక్కి చెప్పుచుందుము. ‘పలు’కు దీర్ఘ మిచ్చిన ‘పాలు’ అగును. ‘మడి’లోని డకారమునకు ద్విత్వ మిచ్చిన ‘మడ్డి’ యగును. ఇట్టి సూక్ష్మములే ప్రాణముగా గల భాష యొకటి ఆఫ్రికా ఖండమున నున్నది. అదియే ఒరోమో భాష. అందు ‘హర’ యనగా సరస్సు, ‘హారా’ యనగా క్రొత్తది. ‘బదా’ యనగా చెడ్డది, ‘బద్దా’ యనగా ఎత్తైన సీమ. వాక్యమున క్రియాపదము మనకువలెనే చివరకు వచ్చును. అయినను అది మన భాషకు జ్ఞాతి గాదు. సోమాలీ మున్నగువానితో గూడి కుషిటిక్ శాఖకు జెందినది.

దీనిని మాటలాడువారు మూడు కోట్లకు మించి యున్నారు. ఇథియోపియా దేశమున 2007 జనాభా లెక్కలనాటికి మూడవ వంతుకు పైగా ప్రజలకు ఇదియే మాతృభాష. పశ్చిమమున మెచ్చా, మధ్యదేశమున తులమా, తూర్పున హరారు, దక్షిణమున అర్సీ, గుజీ, బోరానా తెగల మాండలికములు గలవు. బోరానాలు ఉత్తర కెన్యాయందును గలరు. ఆ దేశముననే తానా నదీతీరమున ఓర్మా వారున్నారు.

ఈ భాషకు ‘అఫాన్ ఒరోమో’ యని పేరు. ‘అఫాన్’ అనగా నోరు. నిజముగా చిరకాలము ఆ భాష నోటనే నిలిచెను. దానిని గ్రంథస్థము చేసినవారిలో ఆస్తేర్ గన్నో యను స్త్రీ చిరస్మరణీయురాలు. చిన్ననాటనే దాస్యమున బడిన ఆమెను అరేబియాలో విక్రయింప గొనిపోవుచుండగా, 1886లో ఇటలీ నావికులు విడిపించిరి. స్వీడన్ దేశపు మిషనువారి పాఠశాలయందు ఆమె చదువుకొనెను. అచట, తానును పూర్వము బానిసయై యుండి విముక్తుడైన ఒనెసిమస్ నెసీబ్ అను పండితునకు తోడ్పడి నిఘంటువును గూర్చెను. తన జాతివారి పాటలు, సామెతలు, కథలు, పొడుపుకథలు అయిదువందలవరకు వ్రాసి యుంచెను. వానిలో పెక్కులు 1894లో బాలుర వాచకమున అచ్చుపడెను. వీరి శ్రమచేత 1899లో బైబిలు ఒరోమో భాషలో వెలువడెను. 1904లో ఆమె స్వదేశమునకు మరలి బోధనకు పూనుకొనెను.

కాని కష్టము లంతటితో దీరలేదు. హైలె సెలాసీ చక్రవర్తి కాలమున పాఠశాలలందును న్యాయస్థానములందును ఈ భాషకు చోటు లేకపోయెను. 1956లో షేక్ బక్రీ సపలో అను విద్వాంసుడు దీనికై నూతన లిపిని గల్పింపగా ప్రభుత్వము దాని నణచివేసెను. ఆయన 1980లో పరదేశమున శరణార్థియై మరణించెను. తుదకు 1991లో ప్రభుత్వము మారినపిమ్మట, ‘కుబే’ యను పేర లాటిను లిపి స్వీకృత మయ్యెను. పూర్వపు ఇథియోపియా లిపిలో ద్విత్వమును దెలుపు గుర్తు లేదు. అచ్చుల భేదములకును అది చాలదు. కుబేలో దీర్ఘమునకు అచ్చును, ద్విత్వమునకు హల్లును రెండుమారులు వ్రాయుదురు. నేడు ఒరోమో బాలబాలికలు బడిలో తమ భాషలోనే చదువుచున్నారు.

సోదరీమణులారా! ఇల్లు, వాకిలి, స్వాతంత్ర్యము సర్వము గోల్పోయిన బాలికనుండి సయితము తల్లిభాష నెవ్వరును హరింపజాలరైరి. ఆమె పదిలపరచినవి గొప్ప శాస్త్రములు గావు. మనము బిడ్డలను నిద్రపుచ్చుచు చెప్పునట్టి కథలు, పొడుపుకథలే. మన యింట వృద్ధురాండ్రు చెప్పువానిని మనమును ఒక పుస్తకమున వ్రాసి యుంచుకొనరాదా?