చెరువును కాసినవారికి నీటిలో వాటా ఏది?

ఊరి నీళ్లను ఊరే కాపాడుకోవాలని ప్రభుత్వాలు, స్వచ్ఛంద సంస్థలు, పర్యావరణవేత్తలు చాలా కాలంగా చెబుతున్నారు. వాటర్‌షెడ్ కమిటీలు, నీటి వినియోగదారుల సంఘాలు, చెరువుల పునరుద్ధరణ పథకాలు అన్నీ ఈ మాట మీదే నడుస్తున్నాయి. అయితే ‘ఊరు’ అన్నప్పుడు అందులో వాడ కూడా ఉందా? మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. నీటిని ఆపే పనిలో దళితుల చెమట ఎప్పుడూ ఉంది. ఆపిన నీటిలో వాటా, ఆ వాటాను తేల్చే చోట మాట మాత్రం చాలా ఊళ్లలో లేవు. ఇది ఎలా జరుగుతోందో, వేరే దారి పట్టిన ఊళ్లు ఏం చేశాయో, చట్టం మన చేతికి ఏమిచ్చిందో చూద్దాం.

గుట్ట మీద పని, పల్లంలో ఫలితం

ఒక వాగులోకో, చెరువులోకో వాన నీరు వచ్చి చేరే మొత్తం నేలను వాటర్‌షెడ్ అంటారు. ఇందులో పనులు గుట్ట మీద మొదలుపెట్టి పల్లం వైపు రావాలి. పైన కందకాలు తవ్వుతారు, రాతి కట్టలు వేస్తారు, చెట్లు పెంచుతారు. మధ్యలో పొలం గట్లు వేస్తారు. కింద వాగు మీద చెక్‌డ్యాములు, ఊట కుంటలు కడతారు. పైన నీటి వేగం తగ్గితే మట్టి కొట్టుకుపోదు, చెరువులో పూడిక తగ్గుతుంది, నీరు నేలలోకి ఇంకుతుంది. ఇంకిన నీరు నెమ్మదిగా పల్లంలోని బావుల్లోకి, బోర్లలోకి చేరుతుంది.

ఈ నేలను కులం వారీగా చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. చెరువు కింది నల్లరేగడి, వాగు పక్క మాగాణి తరతరాలుగా భూస్వామ్య కులాల చేతుల్లో ఉన్నాయి. దళితులకు ప్రభుత్వం పంచిన అసైన్డ్ భూములు ఎక్కువగా గుట్టల వాలు మీద, రాళ్లూ రప్పలూ ఉన్న మెట్ట మీద ఉన్నాయి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు విస్తీర్ణంలో ఎస్సీల చేతిలో ఉన్నది 9 శాతం కంటే తక్కువే. 2011 జనాభా లెక్కల్లో ఎస్సీలు 16.6 శాతం.

దీని ఫలితం తేలిగ్గానే అర్థమవుతుంది. పైభాగంలో మేత ఆపేస్తే మేకలు, బర్రెలు తోలుకునే భూమిలేని కుటుంబాలు నష్టపోతాయి. కందకాలు తవ్వే కూలీల్లో ఎక్కువమంది దళితులు, ఆదివాసీలు, వెనుకబడిన కులాలవారు. నీళ్లు ఊరేది మాత్రం కింద బోరు ఉన్నవారి పొలంలో. కూలి డబ్బులు పనిరోజులతో అయిపోతాయి, ఊరిన నీరు ఏటా పంట ఇస్తుంది. కొలతలన్నీ సరిగ్గా ఉన్న వాటర్‌షెడ్ కూడా ఊళ్లో అసమానతను పెంచగలదు.

నీరటి చేసిన పని

తెలంగాణలో చెరువుల నిర్వహణ గురించి మాట్లాడేవారు కాకతీయుల పేరు తప్పక చెబుతారు. నీరటి పేరు చెప్పేవారు తక్కువ. రాయలసీమలో నీరుగట్టి అన్నా, కర్ణాటకలో నీరుగంటి అన్నా, తమిళనాడులో నీర్‌కట్టి అన్నా పని దాదాపు అదే. చాలా ఊళ్లలో ఆ పని చేసింది దళితులే.

తూము ఎప్పుడు తెరవాలో, ఎంత తెరవాలో, ఎప్పుడు మూయాలో నీరటికి తెలుసు. చెరువులో ఉన్న నీరు ఎన్ని తడులకు వస్తుందో చూసి చెప్పేవాడు. కాలువ చివరి మడి దాకా నీరు పారించేవాడు. పెద్దవాన కురిసిన రాత్రి కట్ట మీద కాపలా కాసేవాడు, బుంగ పడితే ఊరిని లేపేవాడు. ఈ పనికి ప్రతిఫలంగా పంట నూర్చినప్పుడు రైతులు కొంత ధాన్యం ఇచ్చేవారు, కొన్ని ఊళ్లలో కొద్దిపాటి ఇనాం భూమి ఉండేది.

ఈ వ్యవస్థను ఆదర్శంగా పొగిడే రచనలు ఉన్నాయి. మనం దాన్ని అలా చూడలేం. చెరువు మొత్తం మీద పట్టున్న మనిషికి ఆ చెరువు కింద చెప్పుకోదగ్గ మాగాణి ఉండేది కాదు. తాను పారించిన నీటితో పండిన గింజల కోసం కళ్లం దగ్గర చేయి చాచి నిలబడాల్సి వచ్చేది. పనిని కులానికి కట్టేసి, ఆ పనిలోని జ్ఞానాన్ని మాత్రం ‘ఊరి సంప్రదాయం’ అనడం అన్యాయం. నీరటి జ్ఞానం దళితుల మేధో వారసత్వం. దాన్ని అలాగే నమోదు చేయాలి.

2015లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకుంది. పూడిక తవ్వించే ఖర్చు ప్రభుత్వానిది, పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. సారవంతమైన ఆ మట్టి తోలుకోవాలంటే భూమి ఉండాలి, ట్రాక్టరు కిరాయి ఇచ్చే స్తోమత ఉండాలి. ఉమ్మడి ఆస్తి అయిన చెరువు మట్టి అలా ఉన్నవారి పొలాలకే చేరే వీలు ఎక్కువ.

కమిటీలో ఎవరి కుర్చీ?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో సాగునీటి వ్యవస్థల యాజమాన్యాన్ని రైతులకు అప్పగిస్తూ చట్టం చేసింది. దాని కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాల్లో ఓటు హక్కును ఆయకట్టు భూమికి ముడిపెట్టారు. అదే చెరువులో బట్టలు ఉతికేవారికి, పశువులను తాగించేవారికి, ఆయకట్టులో నాట్లు వేసే కూలీలకు నిర్ణయంలో ఓటు లేదు. భూమి లేనివారికి నీరు కూడా లేదన్న పాత నీతే కొత్త చట్టంలోకి వచ్చింది.

వాటర్‌షెడ్ల విషయంలో నిబంధనలు కొంత మెరుగు. 2008 నాటి కేంద్ర ఉమ్మడి మార్గదర్శకాల ప్రకారం వాటర్‌షెడ్ కమిటీలో కనీసం పదిమంది ఉండాలి. అందులో సగం మంది స్వయం సహాయక బృందాలు, వినియోగదారుల బృందాలు, ఎస్సీ ఎస్టీలు, మహిళలు, భూమిలేనివారి ప్రతినిధులై ఉండాలి. నిధుల్లో 50 శాతం వాటర్‌షెడ్ పనులకు, 10 శాతం ఆస్తిలేనివారి జీవనోపాధికి కేటాయించారు. సొంత భూముల్లో చేసే పనులకు ఎస్సీ, ఎస్టీ, చిన్న, సన్నకారు రైతుల వాటా 5 శాతం, మిగతావారిది 10 శాతం అన్నారు. కానీ పేరు రిజిస్టరులో ఉండటం వేరు, సమావేశంలో కుర్చీలో కూర్చుని అడగగలగడం వేరు.

భూమికి కాదు, మనిషికి నీళ్లు

వేరే పద్ధతి సాధ్యమని చూపిన చోట్లున్నాయి. మహారాష్ట్రలో 1972 కరువు తర్వాత పుణె జిల్లా పురందర్ తాలూకా నాయ్‌గావ్‌లో విలాస్‌రావ్ సాళుంఖే ‘పానీ పంచాయత్’ పద్ధతిని మొదలుపెట్టారు. అక్కడ నీటిని భూమి లెక్కన పంచలేదు, మనుషుల లెక్కన పంచారు. తలకు అర ఎకరానికి సరిపడా, కుటుంబానికి గరిష్ఠంగా రెండున్నర ఎకరాలకు నీరు. భూమి లేనివారికీ నీటి హక్కు ఉంది. భూమి అమ్మితే దాంతోపాటు నీటి హక్కు పోదు. నీటిని మింగేసే చెరకును నిషేధించారు.

చండీగఢ్ దగ్గర హర్యానాలోని సుఖోమాజ్రీది మరో పాఠం. సుఖ్నా సరస్సు పూడిపోకుండా ఉండాలంటే పైన ఉన్న కొండల్లో మేత ఆగాలి. 1970ల రెండో సగంలో అక్కడ చిన్న ఆనకట్టలు కట్టి, భూమి ఉన్నా లేకున్నా ప్రతి కుటుంబానికీ నీటిలో సమాన వాటా ఇచ్చారు. వాటా దక్కింది కాబట్టే జనం కొండను స్వయంగా కాపాడారు. భూమిలేనివారి త్యాగం మీద నడిచే పరిరక్షణ ఎక్కువ కాలం నిలవదని, వాటా ఇస్తే నిలుస్తుందని ఈ ఊరు చూపింది.

నీటి శుభ్రత అడిగినందుకు

నీటి పరిరక్షణ మనకు బయటి నుంచి నేర్పాల్సిన విషయం కాదు. 1985 జూలై 16న ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీటిని కమ్మ యువకులు పశువుల కుడితితో మురికి చేస్తుంటే కత్తి చంద్రయ్య అభ్యంతరం చెప్పాడు. అతన్ని కొట్టబోతే మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తి అడ్డుకుంది. మరునాడు మాదిగపల్లె మీద జరిగిన దాడిలో ఆరుగురు మాదిగలు చనిపోయారు. ఆ పోరాటంలోంచి దళిత మహాసభ పుట్టింది. తాగే నీరు శుభ్రంగా ఉండాలని అడగడమే అక్కడ నేరమైంది. పర్యావరణ ఉద్యమాల చరిత్రలో కారంచేడును కూడా రాయాలి.

మహాడ్ కూడా ఇదే చెప్పింది. బహిరంగ నీటి వనరులు అందరివీ అని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానించింది. 1924లో మహాడ్ పురపాలక సంఘం చవ్‌దార్ చెరువును అందరికీ తెరిచింది. అయినా అంటరానివారు ఆ నీరు ముట్టడానికి 1927 మార్చి 20న అంబేద్కర్ నాయకత్వంలో కదలాల్సి వచ్చింది. కాగితం మీద ఉన్న హక్కు జనం కదిలితేనే చేతికి వస్తుంది.

మన చేతిలో ఉన్న చట్టాలు

రాజ్యాంగం 15(2) అధికరణ ప్రభుత్వ నిధులతో నడిచే, లేదా ప్రజల వాడకానికి అంకితమైన బావులు, చెరువులు, స్నానఘట్టాల వాడకంలో కుల వివక్షను నిషేధించింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (1989)కు 2015లో చేసిన సవరణ దీన్ని ఇంకా బలపరిచింది. దాని సెక్షన్ 3(1)(జి) ప్రకారం ఎస్సీ, ఎస్టీల భూమి, నీరు, సాగునీటి సదుపాయాల మీద హక్కుకు అడ్డుపడటం నేరం. సెక్షన్ 3(1)(జడ్‌ఎ) ప్రకారం నది, వాగు, బావి, చెరువు, కుళాయి వంటి వాటినీ, ఉమ్మడి ఆస్తి వనరులనూ ఇతరులతో సమానంగా వాడుకోనివ్వకపోవడం నేరం. కాలువ చివరి దళిత రైతుకు నీరు రాకుండా కులం పేరుతో అడ్డుకోవడాన్ని ఊరి తగాదాగా కొట్టిపారేయడానికి లేదు.

ఊళ్లో ఏం అడగాలి?

అధ్యయనానికి వెళ్లే విద్యార్థులు, ఊళ్లో పనిచేసే కార్యకర్తలు కింది ప్రశ్నలతో మొదలుపెట్టవచ్చు.

1. వాటర్‌షెడ్ పటం మీద అసైన్డ్ భూములను గుర్తించండి. వాటిలో గట్లు, కుంటలు, బోర్లు ఎన్ని? పల్లంలోని పట్టా భూముల్లో ఎన్ని?
2. కమిటీలో దళిత సభ్యులు ఎవరు? గత సమావేశానికి వారిని పిలిచారా, సంతకం కోసం రిజిస్టరు ఇంటికి పంపారా?
3. ఆస్తిలేనివారికి కేటాయించిన నిధి ఎవరికి చేరింది? సమాచార హక్కు చట్టం కింద జాబితా అడగండి.
4. పైభాగంలో మేత ఆపితే నష్టపోయిన కుటుంబాలకు ప్రతిఫలంగా ఏమిచ్చారు?
5. వాడ తాగే నీటి వనరు ఎక్కడుంది? ఊరి మురుగు అటు పారుతోందా?
6. నీరటి పని చేసిన పెద్దలు ఇంకా ఉన్నారా? వారికి తెలిసింది వారి పేరు మీదే రాసిపెట్టండి.

ఈ జవాబులను గ్రామసభలో చదివించాలి. ఆ తర్వాత అడగాల్సినవి మూడు: నీటి సంఘాల్లో భూమితో సంబంధం లేకుండా ఓటు, ఉమ్మడి సొమ్ముతో ఆపిన నీటిలో ప్రతి కుటుంబానికీ వాటా, పనులు మొదట గుట్ట మీది దళితుల భూముల్లోనే జరగడం. వాటర్‌షెడ్ శాస్త్రం కూడా పని పైనుంచే మొదలుపెట్టమంటోంది కాబట్టి ఈ మూడోదాన్ని కాదనడానికి ఏ అధికారికీ సాంకేతిక కారణం దొరకదు.