మఠం, మాన్యం, పదిమంది వీరభద్రులు

మతదీక్ష తీసుకుని కత్తి పట్టినవాళ్ల ఆనవాళ్లు చూడాలనుకుంటే యూరప్‌లో పని సులువు. పోలెండ్‌లో ట్యుటోనిక్ యోధులు కట్టిన మాల్‌బోర్క్ కోట 1997 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. పోర్చుగల్‌లోని తొమార్‌లో టెంప్లర్ల కోట, మఠం 1983లోనే ఆ జాబితాకెక్కాయి. హాస్పిటలర్లు 1309 నుంచి 1522 దాకా ఏలిన రోడ్స్ ద్వీపంలో వాళ్ల వైద్యశాల ఇప్పుడు పురావస్తు మ్యూజియం. టికెట్ కొని లోపలికి వెళ్తే చాలు.

జనగామ జిల్లా లింగాల ఘనపూర్ నుంచి బయల్దేరేవాళ్లకు మన వైపు అలాంటివేమైనా ఉన్నాయా? ఒక అధిపతి, ఒక నియమావళి, సొంత సైన్యం ఉన్న యోధసన్యాసుల సంఘం కాకతీయుల నేలమీద లేదు. ఉన్నవి శైవ మఠాలు. వాటికి మాన్యాలున్నాయి, బడులున్నాయి, వైద్యశాలలున్నాయి. వాటి నీడలో దీక్ష పట్టిన ఆయుధధారులూ ఉన్నారు. వాళ్లెందరు, మిగతావాళ్లెందరు అన్నది రాతిమీద చెక్కి పెట్టారు. ఆ లెక్క తెలిసి వెళ్తే చుట్టుపక్కల జిల్లాల్లో చూడాల్సింది చాలానే ఉంది.

1261: లెక్క చెక్కిన రాయి

ఆ రాయి ఉన్నది గుంటూరు జిల్లా మల్కాపురంలో. గోళకీ మఠాచార్యుడు విశ్వేశ్వర శంభువు కాకతి గణపతిదేవుడికి దీక్షాగురువు. గణపతిదేవుడు ఇస్తానని మాటిచ్చిన మందర గ్రామాన్ని, దానితోపాటు వెలగపూడిని, కూతురు రుద్రమదేవి ఆ గురువుకు ధారపోసింది. మందర అంటే నేటి మందడం. వెలగపూడిలో ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉంది.

గోళకీ మఠం మూలాలు నర్మద ఒడ్డున, జబల్‌పూర్ ప్రాంతంలోని డాహళ మండలంలో ఉన్నాయి. కలచురి రాజు యువరాజదేవుడు ఆ మఠం ఆదిగురువుల్లో ఒకడైన సద్భావశంభువుకు 3 లక్షల గ్రామాలు ఇచ్చాడని ఇదే శాసనం చెబుతుంది. గురువుల గొప్ప చెప్పుకునే చోట అంకెలు పెరగడం మామూలే కాబట్టి 3 లక్షలను అక్షరాలా నమ్మనక్కర్లేదు. అదే శాసనం మందడం దగ్గరికి వచ్చేసరికి అంకెలు చిన్నవైపోతాయి. ఇంతమంది పనివాళ్లు, ఇంత భూమి అని పద్దు రాసినట్టు రాస్తుంది. నమ్మదగ్గవి ఆ చిన్న అంకెలే.

మూడోవంతు చొప్పున మూడు వాటాలు

దానంగా వచ్చిన భూమిలో ఆచార్యుడు దేవుడికి, స్థిరపరచిన 60 ద్రావిడ బ్రాహ్మణ కుటుంబాలకు ఇచ్చింది పోను, సంస్థల నిర్వహణకు చేసిన ఏర్పాటు ఆశ్చర్యం కలిగిస్తుంది. రాబడిలో ఒక వాటా విశ్వేశ్వరుడి గుడికి. రెండోది విద్యార్థులకు, శుద్ధశైవ మఠానికి. మూడోది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, సత్రానికి. పురుళ్లు పోయడానికి, రోగులకు, అన్నానికి కలిపి దేవుడితో సమానమైన వాటా. సత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుడి దాకా ఎవరొచ్చినా, ఏ వేళకొచ్చినా అన్నం పెట్టాలన్నది నియమం.

ఇక మనుషుల లెక్క. ఋగ్, యజుస్, సామ వేదాలు చెప్పడానికి ముగ్గురు. వ్యాకరణం, తర్కం, సాహిత్యం, ఆగమాల వంటివి చెప్పడానికి 5 మంది. మొత్తం 8 మంది ఉపాధ్యాయులు. వైద్యుడు ఒకరు, రాతపని చూసే కాయస్థుడు ఒకరు. గుడిలో ఆడే నర్తకులు 10 మంది. వీళ్లు కాక గాయకులు, వాద్యకారులు, వంటవాళ్లు, కంసాలి, కమ్మరి, కుమ్మరి వంటి చేతిపనులవాళ్లు.

వీళ్ల మధ్యలోనే వస్తారు మనం వెతుకుతున్నవాళ్లు. చోళదేశం నుంచి వచ్చిన 10 మంది వీరభద్రులు. ఊరి కాపలా వీళ్ల పని. శిరశ్ఛేదం, కుక్షిచ్ఛేదం, బీజచ్ఛేదం వంటి ఘోరకృత్యాలను శాసనం వీళ్ల పేరు పక్కనే చెబుతుంది. వీళ్లతోపాటు వీరముష్టులనే మరో భక్తబృందం ప్రస్తావన కూడా ఉంది.

పాఠం చెప్పేవాళ్లు 8 మంది, నాట్యం చేసేవాళ్లు 10 మంది, కత్తి పట్టి కాపలా కాసేవాళ్లు 10 మంది. మఠానికి ఆయుధం అవసరమే. పంట, ధాన్యం, నగలు ఉన్నచోట కాపలా ఉండాలి. కానీ ఆ కాపలా మిగతా కొలువుల్లో ఒక కొలువు మాత్రమే. యూరప్ హాస్పిటలర్లు జెరూసలేంలో యాత్రికుల వైద్యశాలతో మొదలై, కత్తి పట్టాక కోటలకు, ఓడలకు, ద్వీపాలకు యజమానులయ్యారు. ఇక్కడ దండయాత్రలు రాజు పని, నాయంకర సైన్యం పని. ఆ సైన్యం ఉన్నంతకాలం మఠం కోట కట్టాల్సిన అవసరం పడలేదు. అందుకే మనకు మాల్‌బోర్క్ లేదు.

1377-78: తలలిచ్చిన మండపం

కత్తి శత్రువు మీదికే వెళ్లనక్కర్లేదు. కొండవీటి రెడ్డిరాజు అనవేమారెడ్డి 1377-78లో శ్రీశైలం మల్లికార్జునుడి గుడిలో వీరశిరోమండపం కట్టించాడు. కొంగవీరులనే భక్తులు తమ తలలు, నాలుకలు కోసి శివుడికి అర్పించుకునే చోటు అది అని అతని శాసనం. అప్పటికి కాకతీయ రాజ్యం పోయి అర్ధశతాబ్దం దాటింది. రాజులు మారినా ఆ వీరదీక్ష ఆగలేదన్నమాట.

ఇలా ప్రాణమిచ్చినవాళ్ల గుర్తుగా నిలిపిన రాళ్లు తెలంగాణ ఊళ్లలో గుడి వెనకో, చెరువు కట్టమీదో కనిపిస్తాయి. గుర్తుపట్టడం కష్టం కాదు. యుద్ధంలో పోయినవాడి వీరగల్లు సాధారణంగా మూడు అంతస్తులుగా ఉంటుంది. కింద యుద్ధం, మధ్యలో వీరుణ్ని అటూ ఇటూ పట్టుకుని పైకి తీసుకెళ్లే అప్సరసలు, పైన లింగం ముందు కూర్చున్న వీరుడు, అంచున సూర్యచంద్రులు. ఆత్మబలి రాయి ఇలా ఉండదు. శత్రువుండడు. మనిషి ఒక్కడే ఉంటాడు, తన మెడకు తనే కత్తి పెట్టుకుని. ఏ రాయి అయినా చూసేటప్పుడు ఎదుట శత్రువున్నాడా లేడా అన్నది ముందు చూడండి. అది యుద్ధంలో పోయినవాడి రాయా, మొక్కు చెల్లించినవాడి రాయా అన్నది దాంతోనే తేలిపోతుంది.

ఎటు వెళ్లాలి: మూడు దిక్కులు, మూడు రోజులు

మొదటి రోజు జనగామ చుట్టూ. హైదరాబాద్ దారిలో ఆలేరు, అక్కడి నుంచి 6 కిలోమీటర్లు లోపలికి కొలనుపాక. కల్యాణి చాళుక్యుల కాలంలో ఇది కొల్లిపాక-7000 అనే పెద్ద పాలనావిభాగానికి కేంద్రం. జైనమందిరానికే ఎక్కువమంది వస్తారు గానీ సోమేశ్వరాలయం వదలకండి. వీరశైవ పంచాచార్యుల్లో ఒకరైన రేణుకాచార్యుడు ఈ సోమేశ్వర లింగం నుంచే ఉద్భవించాడని వీరశైవుల నమ్మకం. ఆవరణలోని మ్యూజియంలో శిల్పాలు, శాసనాలు ఉన్నాయి. ఊళ్లో కులానికొక మఠం చొప్పున వెలిసిన వీరశైవ మఠాల ఆనవాళ్లూ చూడొచ్చు. ఆయుధం పట్టినవాళ్ల కథ కన్నా ఆశ్రయం ఇచ్చినవాళ్ల కథ ఇక్కడ బాగా అర్థమవుతుంది.

తిరిగొచ్చి జనగామ జిల్లాలోనే పాలకుర్తి. బసవపురాణం, పండితారాధ్య చరిత్ర రాసిన పాల్కురికి సోమనాథుడి ఊరు. పండితారాధ్య చరిత్రలోని 5 ప్రకరణాల్లో చివరిదైన పర్వత ప్రకరణం శ్రీశైలం యాత్రికుల పాటలు, ఆటలు, మొక్కులు కళ్లకు కడుతుంది. వీరశైవాన్ని శాసనాల్లో కాక జనం నోట వినాలంటే ఈయనే దారి. గుట్టమీద సోమేశ్వర లక్ష్మీనరసింహస్వామి ఆలయం, అంటే శివుడూ విష్ణువూ ఒకే కొండమీద. లింగాల ఘనపూర్ మండలంలోనే ఉన్న జీడికల్ వీరాచల రామచంద్రస్వామి గుడి వైష్ణవుల క్షేత్రం. సమయం ఉంటే అదీ చూడొచ్చు.

రెండో రోజు మహబూబాబాద్ వైపు. జిల్లా కేంద్రానికి దగ్గర్లోనే కురవి. ఇక్కడి వీరభద్రస్వామి మూడు కళ్లు, పది చేతులతో ఉంటాడు. ఇక్కడి కొరవి శాసనం 10వ శతాబ్దపు తెలుగు వచనానికి తొలి నమూనాల్లో ఒకటి. ఇక్కడికి వెళ్తే శివరాత్రి జాతరకే వెళ్లాలి. వీరభద్రుడి గుళ్లలో ప్రభలు, ఖడ్గాలు, నారసాలు కనిపించేది జాతరప్పుడే. ఖడ్గం పట్టి దండకం చదువుతూ ఊగేవాణ్ని చూస్తే, మల్కాపురం రాతిమీద ఒక అంకెగా ఉన్న వీరభద్రుడికి ముఖం వస్తుంది.

మూడో రోజు భూపాలపల్లి. ఇక్కడి గణపురాన్ని కొందరు ఘనపూర్ అనే అంటారు. లింగాల ఘనపూర్, స్టేషన్ ఘనపూర్ రెండూ జనగామ జిల్లావి. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకునేటప్పుడు జిల్లా పేరు చూసుకోకపోతే వంద కిలోమీటర్లు వృథా. గణపురం కోటగుళ్లలో ప్రాకారాల మధ్య సుమారు 22 గుళ్లున్నాయి. గణపతిదేవుడి కాలం నాటివి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప ఇక్కడికి దగ్గరే, 2021లో అది యునెస్కో జాబితాలో చేరింది. అందరూ రామప్ప చూసి వెనక్కి తిరుగుతారు. కోటగుళ్లు చూసుకుని కాళేశ్వరం దాకా వెళ్లండి. విశ్వేశ్వర శంభువు కాళీశ్వరంలో ఉపలమఠం, అంటే రాతిమఠం, స్థాపించాడని మల్కాపురం శాసనం చెబుతుంది. ఆ కాళీశ్వరం మన గోదావరి ఒడ్డు కాళేశ్వరమేనని పరిశోధకుల అభిప్రాయం. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉంటాయి. ప్రాణహిత గోదావరిలో కలిసేదీ అక్కడే.

దారిలో కాజీపేట ఉంది. అక్కడి దర్గా దగ్గర దొరికిన 11వ శతాబ్దం చివరి శాసనం శ్రీశైలం మల్లికార్జున శిలామఠానికి చెందిన కాలాముఖ గురువు రామేశ్వర పండితుడికి కాకతీయులు శివపురం దానమిచ్చిన సంగతి చెబుతుంది. మల్కాపురానికి దాదాపు 160 ఏళ్ల ముందే కాకతీయుల ఇంట్లో శైవ గురువు కుదురుకున్నాడని దీనివల్ల తెలుస్తుంది.

బీసీ-ఏ: జాబితాలో మిగిలిన పేరు

ఈ వారసత్వంలో రాయి కానిది ఒకటుంది. వెనుకబడిన తరగతుల ఏ గ్రూపు జాబితా తీసి చూడండి. వీరముష్టి, నెత్తికోతల, వీరభద్రీయ అని ఒకే వరసలో ఉంటాయి. 1261 నాటి రాతిమీద ఉన్న పేర్లే ఇప్పుడు కుల ధ్రువీకరణ పత్రాల మీద ఉన్నాయి. కోమట్లను ఆశ్రయించి, కన్యకాపరమేశ్వరి కథ చెప్పి, కత్తి విన్యాసాలు చూపి బతికిన కుటుంబాలివి. ఒకప్పటి మాన్యానికి బదులు తర్వాతి తరాలకు మిగిలింది ఇంటింటి ఆశ్రయం.

గుళ్లకు పురావస్తు శాఖ రక్షణ ఉంది, రామప్పకు యునెస్కో గుర్తింపు ఉంది. కథ చెప్పేవాళ్లకు, ఖడ్గం పట్టి దండకం పలికేవాళ్లకు అలాంటిదేమీ లేదు. జాతరలో ఫోన్ ఎత్తి వీడియో తీసుకుని వచ్చేయడం తేలిక. ఆ ఖడ్గం ఎవరి దగ్గర నేర్చుకున్నావన్నా అని అడిగి, కూర్చుని విని, చేతిలో కట్నం పెట్టి వస్తే మంచిది. మల్కాపురం రాయి చెక్కించినవాళ్లు కాపలావాడి కూలి కూడా మాన్యంలోంచే ఏర్పాటు చేశారు. చూడవచ్చిన మనం ఆ లెక్కలో ఆ ఒక్క పద్దయినా కొనసాగించవచ్చు.